ఉత్తరాదికి వెళ్ళేటప్పుడు వేసే తాళం

(1969 జనవరి. దక్షిణ టెక్సస్‌లో పాలకూర పండించే ఒక చిన్న ఊరు. రైలుపట్టాలకి ఇవతల మెక్సికన్ల పేట. సోమవారం పొద్దున్న ఆరున్నర. పెద్దబడి వంటింట్లో పనిచేసే ఫెలీపా, తన ఇంట్లో ఉన్న ఒక్క గదికి బయటినుంచి తాళం వేసి, తలుపు ముందు పీట మీద కూర్చుంది. లోపల పదిహేడేళ్ళ కూతురు ఒడీలియా.)

“తియ్యమ్మా.”

“తియ్యను.”

“గంప కింద మూసి పెట్టడానికి నేనేమైనా కోడిపెట్టనా?”

“కోడిపెట్టకి నీకన్నా బుద్ధుంటుంది. గంప మూస్తే నోరు కూడా మూసుకుంటుంది.”

“తలుపు బద్దలు కొడతాను.”

“కొట్టు. మీ నాన్న కిందటేడు వేసిన చెక్క. నీ భుజమే విరుగుతుంది. ఆ విరిగిన భుజంతో నర్సువి ఎలా అవుతావు?”

“కిటికీ లోంచి దూకుతాను.”

“దేంట్లోంచి? ఉత్తరపు గాలికని చెక్కలు కొట్టేసి మరీ నారింజ కోతలకి వెళ్ళాడు మీ నాన్న. ఒక్కో చెక్కకి ఆరేసి మేకులు. ఆయన దేన్నీ తక్కువ చెయ్యడుగా.”

“అమ్మా, చలేస్తోంది. పొయ్యి వెలిగించలేదేం? కాఫీ వాసన కూడా లేదు.”

“నాకు ఆకలి లేదు.”

“కాఫీకి ఆకలెందుకు?”

“కిరసనాయిలు అయిపోయింది.”

“నిన్న సాయంత్రం డబ్బా నిండా తెచ్చింది నేనే!”

“అయితే అయిపోలేదు. వెలిగించలేదు, అంతే. దుప్పటి కప్పుకో. రెండూ కప్పుకో.”

“టైమెంత?”

“నీకెందుకు టైము? ఇవాళ నీకు జ్వరం. బళ్ళో అలాగే చెప్తాను.”

“రెండో గంట కొట్టగానే మూడొందల మంది క్లాసులు వదిలి బయటికి వస్తారు. జెండా కర్ర దగ్గర నించుని మా కోరికల కాగితం చదవాల్సింది నేను. నాకు జ్వరమంటే ఎవరు నమ్ముతారు?”

“హసింతా వదిన కొడుకు లెంచోని చదవమను. వాడేగా ఇదంతా మొదలెట్టింది.”

“వాడి ఇంగ్లీషు వింటే మొదటి ముక్కకే నవ్వుతారు. నా మాట వాళ్ళ మాటలాగే ఉంటుందని నన్ను ఎన్నుకున్నారు.”

“అదే నా భయం. ముందు నించున్న దాని మొహమే అందరికీ గుర్తుంటుంది. ఎన్ని కోరికలన్నావు?”

“పద్నాలుగు.”

“పద్నాలుగు! దేవుణ్ణి కూడా ఒకేసారి పద్నాలుగు అడగరే!”

“నువ్వు ఒక్కటైనా విన్నావా? మన భాష స్పానిష్‌లో మాట్లాడితే చెక్కబద్దతో కొట్టొద్దన్నాం. ఈ బళ్ళో వందకి ఎనభైమంది మనవాళ్ళే, ఒక్క టీచరైనా మనవాళ్ళలోంచి ఉండాలన్నాం. మెక్సికన్ పిల్ల కనిపిస్తే చాలు కుట్టు క్లాసులో కూలెయ్యొద్దన్నాం. నేను కెమిస్ట్రీ అడిగితే టీచరమ్మ ఏమందో తెలుసా? ‘మీ వాళ్ళకి వేళ్ళు చురుకు. టైపు నేర్చుకోరాదూ’ అంది.”

“టైపు మంచిదే. కూర్చుని చేసే పని. పైన ఫ్యాను కూడా ఉంటుంది.”

“అమ్మా!”

“అరవకు. గోడవతల పక్కింటి ముసలాయన పడుకున్నాడు. చూడు తల్లీ, షెరిఫ్ పోలీసులు వస్తారు. వాళ్ళకి గుర్రాలున్నాయి, కర్రలున్నాయి. నువ్వు పడిపోతావు, నీ మీదినుంచి మూడొందల మంది పరిగెడతారు. నేను రాత్రంతా అదే చూశాను.”

“కలొచ్చిందా?”

“నిద్రపోతేగా కల రావడానికి! మేలుకునే చూశాను. నీ బూటు ఒకటి రోడ్డు మీద ఉంది. నువ్వు లేవు.”

“ఏం కాదమ్మా.”

“ఏం కాదని చెప్పినవాళ్ళందరికీ ఏదో ఒకటి అయింది. ఈ వంటింటి పని దొరికాకే కదా మనం ఏప్రిల్లో మినెసోటాకి బీట్‌దుంపల పనికి వెళ్ళడం మానేశాం? రెండేళ్ళుగా నీకు ఒక్క రోజు బడి పోలేదంటే ఎవరి వల్ల? ఆ పని పోతే మళ్ళీ ట్రక్కే. మళ్ళీ నడుం వంచి ఆ పొట్టి పారే. నీ చదువు కోసమని నువ్వు చేసే ఈ గొడవే నీ చదువుని మింగేస్తుంది. ఆలోచించావా?”

“ఆలోచించాను.”

“ఆలోచిస్తే?”

“భయమేసింది. అయినా వెళ్తానన్నాను... అమ్మా, శుక్రవారం ప్రాథర్ నిన్ను ఆఫీసుకి ఎందుకు పిలిచాడు?”

“ఎవరు?”

“హెడ్మాస్టర్ ప్రాథర్. ఈ ఊళ్ళో ఇంకెందరు ప్రాథర్లున్నారు?”

“చిక్కుళ్ళ గురించి.”

“చిక్కుళ్ళ గురించా?”

“చిక్కుళ్ళు సరిగ్గా ఉడకటం లేదట.”

“ముప్పావుగంట సేపు? మా క్లాసు ఇర్మా చూసింది నువ్వు లోపలికి వెళ్ళడం. గంట కొట్టాక గానీ బయటికి రాలేదట.”

“చాలా చిక్కుళ్ళు.”

“అమ్మా.”

“కుర్చీలో కూర్చోమన్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కూర్చోమనలేదు. మన భాషలో ‘ఎలా ఉన్నావమ్మా’ అని కూడా అన్నాడు. మీరు మాట్లాడితే చెక్కబద్ద. ఆయన మాట్లాడితే మర్యాద.”

“ఏం అడిగాడు?”

“పేర్లు.”

“ఎవరి పేర్లు?”

“ఎవరివో నీకు తెలీదా? హసింతా వదిన పెరట్లో ఆదివారం కూడేవాళ్ళవి. వడ్డించే బల్ల దగ్గర రోజూ నా కళ్ళ ముందునుంచే వెళ్తారు కదా, నాకు అందరూ తెలుసన్నాడు. సోమవారం పొద్దున్నకల్లా రాసి తెమ్మన్నాడు. తెస్తే పని ఉంటుంది, నిన్ను హాజరుపట్టీలోంచి కొట్టెయ్యడు. తేకపోతే రెండూ పోతాయి.”

“నువ్వేమన్నావు?”

“‘సరేనండీ’ అన్నాను. ఆ గదిలో ఎవరైనా అదే అంటారు.”

“రాశావా?”

“దుప్పటి కప్పుకున్నావా?”

“రాశావా?”

“రాశాను.”

“ఎంతమందివి?”

“ముప్పై ఒక్కటి.”

“దేవుడా! ఆదివారం వచ్చిందే ఇరవైమంది. లెంచో పేరు కూడానా? జ్ఞానస్నానం నాడు వాణ్ణి ఎత్తుకున్నదే నువ్వు! ఇర్మాది? కవలపిల్లలవి? నాది ఎక్కడ రాశావు, మొదట్లోనా చివర్లోనా?”

“నీ పేరు లేదు.”

“లేదా?”

“నీ పేరు ఎందుకు రాస్తాను? నాకేం పిచ్చా?”

“అమ్మా, నీకు అర్థమవుతోందా? అందరి పేర్లూ ఉన్నాయి, నాది లేదు. ఇవాళ నేను రాను. రేపు వాళ్ళందర్నీ వెళ్ళగొడతారు, నేను మాత్రం బళ్ళో ఉంటాను. చెప్పింది ఎవరనుకుంటారు?”

“నిన్ను అనుకోరు.”

“నన్నే అనుకుంటారు! నాకు ఈ పేటలో తలెత్తుకునే చోటు ఉండదు. తియ్యి, తలుపు తియ్యి, ఆ కాగితం ఇటివ్వు.”

“ష్. ఎవరో వస్తున్నారు.”

“ఫెలీపా వదినా! ఏడవుతోంది, ఇంకా బయల్దేరలేదా? రొట్టెల పిండి ఎవరు పిసుకుతారు, ప్రాథర్ దొరా?”

“వస్తున్నా హసింతా వదినా. నువ్వు నడుస్తూ ఉండు.”

“నడవనిస్తేగా ఈ గాలి. ఇదేమిటి, ఇంట్లో బయటికన్నా చలిగా ఉంది! పొయ్యి... అమ్మో, ఈ తాళమేమిటి ఇక్కడ?”

“అత్తా! నన్ను లోపల పెట్టి తాళం వేసింది!”

“పిల్లకి జ్వరం.”

“జ్వరానికి తాళం వేస్తారా వదినా? ఏ డాక్టరు చెప్పాడు?”

“అంటుకునే జ్వరం.”

“అదైతే నిజమే. మా వాడికీ అదే. వాడు తెల్లారకుండానే వెళ్ళిపోయాడు. బడి ముందు షెరిఫ్ బండ్లు మూడు ఆగున్నాయట, అయినా వెళ్ళాడు. నాకు అన్నం సయించలేదు వదినా, నీతో చెప్పుకుందామని వచ్చాను. ఇంకోటి కూడా ఉంది, చెప్పకూడదు గానీ...”

“చెప్పకూడనిదైతే చెప్పకు.”

“చెప్పకుండా ఉండగలిగేదాన్నైతే నేను హసింతాని ఎందుకవుతాను! పేటలో ఏదో అనుకుంటున్నారు. నువ్వు దొర గదిలో కూర్చున్నావట, కుర్చీలో. నేను ‘చిక్కుళ్ళ గురించై ఉంటుంది’ అన్నాను.”

“చిక్కుళ్ళ గురించే.”

“అదే అన్నాను. ఫెలీపా నా పిల్లాణ్ణి చేతుల్లోకి తీసుకుని దేవుడి ముందు నించున్న మనిషి, ఆవిణ్ణి ఎవరైనా ఏమైనా అంటే పళ్ళు రాలగొడతానన్నాను.”

“అత్తా, అమ్మ ఏప్రన్ జేబులో ఏముందో అడుగు.”

“ఒడీలియా!”

“అడుగు అత్తా!”

“ఏముంటుంది, జేబురుమాలు.”

“ఏముంది వదినా? నీ మొహం ఎందుకు సున్నం కొట్టినట్టు అయిపోయింది?”

“చలి.”

“చూపించు.”

“వదినా, నా మాట విను. నేను ఏం చేసినా...”

“చెయ్యి తియ్యి. తియ్యమంటున్నానా... కాగితం. నాలుగు మడతలు. పేర్లలా ఉన్నాయి. ఇవన్నీ పేర్లేనా? ఫెలీపా, ఇందులో మా వాడి పేరు ఎక్కడుంది? నాకు చదువు రాదని నీకు తెలుసు. వేలు పెట్టి చూపించు.”

“లేదు.”

“నీ మాట ఇప్పుడు నేను ఎలా నమ్మను?”

“అత్తా, తలుపు కిందినుంచి ఇలా తొయ్యి. నేను చదువుతాను.”

“ఇదుగో. గట్టిగా చదువు. ఒక్కటి కూడా దాచకు.”

“ఇక్కడ వెలుతురు లేదు, ఉండు... మొదటిది మడతలో నలిగింది. రెండోది ‘బల్దేరాస్ నార్సీసో’. ఎవరితను? బళ్ళో ఆ పేరు లేదే.”

“ఏమన్నావు?”

“నార్సీసో బల్దేరాస్.”

“మా పెద్దమ్మ కొడుకు, పెద్దన్నయ్య పేరది. మా అన్నయ్య పోయి పదకొండేళ్ళయింది, బీట్ల ట్రక్కు తిరగబడి. వదినా, మా అన్నయ్య పేరు ఎందుకు రాశావు?”

“చదవనీ.”

“పేరు పక్కన ఏదో ఉంది. ‘రెండో తరగతి. మన భాషలో పెన్సిలు అడిగాడు. దెబ్బలు. మళ్ళీ రాలేదు.’ మూడోది ‘కవాసోస్ ప్లాసిదా. ఒకటో తరగతి. బూట్లు లేవు.’ నాలుగు ‘సెపేదా ఎలీసియో. మూడో తరగతి. పత్తి తీతకి వెళ్ళాడు.’ ఐదు... అమ్మా, వీళ్ళంతా ఎవరు?”

“నా తరగతి.”

“ఏ తరగతి?”

“ఒకటో తరగతి. నేను అదొక్కటే చదివాను కదే. ఇంగ్లీషు రాదని మమ్మల్నందర్నీ మూడేళ్ళు అందులోనే ఉంచారు. నిన్న నువ్వు పడుకున్నాక బల్ల దగ్గర కూర్చుని కాగితం పెట్టుకున్నాను. లెంచో పేరు రాద్దామనే కూర్చున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. ‘లె’ రాశాక చెయ్యి ఆగిపోయింది. వాడి పేరు నాకు రాయడం కూడా రాదు. నాకు తప్పుల్లేకుండా రాయడం వచ్చినవి ఆ ముప్పై ఒక్క పేర్లే. మూడేళ్ళు రోజూ పొద్దున్నే టీచరమ్మ హాజరు పిలిచేది, నల్లబల్ల మీద రాసి మా చేత దింపించేది. నా చెయ్యి దానంతటదే రాసుకుంటూ పోయింది. ఆపలేకపోయాను. రాసి చూస్తే, ఒక్కరు... ఒక్కరు కూడా పెద్దబడి గడప తొక్కలేదు. అప్పుడు వచ్చీరాని అక్షరాలతో పక్కన ఎందుకో కూడా రాశాను.”

“అమ్మా, దీన్నా దొరకి ఇద్దామనుకున్నావు?”

“మధ్యాహ్నం దాకా వెతుక్కుంటాడు కదా! బీరువాలన్నీ తీయిస్తాడు. ఈలోగా మీ గొడవ అయిపోతుంది. నువ్వు గదిలో ఉంటావు, ఎవరి పేరూ బయటికి రాదు. నా పని పోతుంది, పోనీ. నాకు తోచింది అదొక్కటే. నాకు పెద్ద బుర్ర లేదని అందరికీ తెలుసు.”

“పిల్లా, ఇంకా చదువు. ఆపావేం?”

“పదకొండోది... అత్తా, నీ పేరుంది. ‘ఎస్కామియా హసింతా. రెండో తరగతి. తమ్ముళ్ళని చూసుకోవాలి.’”

“నా పేరు రాసుందా? ఇటివ్వు, ఇటివ్వు. ఎక్కడ? వేలు పెట్టి చూపించు వదినా. ఇదా? ఇక్కణ్ణించి ఇక్కడిదాకానా? ఇంత పొడుగుందా నా పేరు!”

“నీది చాలా అందమైన పేరు వదినా. టీచరమ్మ పలకలేక ‘జెస్సీ’ అనేది.”

“నేను పలికేదాన్ని కూడా కాదు. ఎవరో జెస్సీ అనుకునేదాన్ని.”

“అమ్మా, అడుగున గీత గీసి వదిలేశావు. ముప్పై రెండోది. అక్కడ ఏమీ రాయలేదు.”

“అది వదిలెయ్యి.”

“ఎవరికోసం?”

“వదిలెయ్యమన్నానా.”

“నాకా?”

“బడి గుమ్మంలోంచి ఒకసారి బయటికి వెళ్ళినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదే! ముప్పై ఒక్కమందిని చూశాను. గీత గీశాక నీ పేరు నా వేళ్ళలోకి వచ్చేసింది. పెన్సిలు విసిరేసి, వెళ్ళి తాళం వేశాను.”

“మేం తిరిగి రావడానికే వెళ్తున్నామమ్మా.”

“అందరూ అదే అన్నారు. బీట్లు అయిపోగానే వస్తామన్నారు. పత్తి అయిపోగానే వస్తామన్నారు. నార్సీసో తన పలక నా దగ్గర దాచిపెట్టి మరీ వెళ్ళాడు.”

“వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళారు. ఎవరూ చూడలేదు. మేం మూడొందల మందిమి, అమ్మా. అందరూ చూస్తుండగా.”

“వదినా, తాళం తియ్యి.”

“తియ్యలేను.”

“ఇంత జరిగాక కూడా తియ్యనంటావా!”

“తియ్యనని కాదు వదినా. తియ్యలేనని. అది ఇంటి తాళం. ఉత్తరాదికి వెళ్ళేటప్పుడు బయటి తలుపుకి వేసేది. దాని చెవి ఎవరి దగ్గరుంటుంది?”

“నా దగ్గరే... అయ్యో నా తల్లీ! రెండేళ్ళుగా మీరెక్కడికీ వెళ్ళలేదు కదా, నేనూ మర్చిపోయాను.”

“నొక్కేశాక గుర్తొచ్చింది.”

“అమ్మా! మరి ఇంతసేపూ తియ్యను, తియ్యను అన్నావు!”

“తియ్యలేనంటే నువ్వు భయపడతావని.”

“అందుకేనా పొయ్యి వెలిగించలేదు?”

“ఇల్లంటుకుంటే నిన్ను ఎలా బయటికి లాగను? దీపం కూడా ఆర్పేశాను. బకెట్లో నీళ్ళు పెట్టుకుని ఇక్కడే కూర్చున్నాను. ప్రతి చప్పుడికీ లేచి చెక్కని వాసన చూశాను.”

“పిచ్చిదానా, నన్ను కేకేస్తే రానా?”

“ఏ మొహంతో పిలవను? జేబులో ఆ కాగితం పెట్టుకుని?”

“ఉండు. గ్వాదలూపే మేరీ తల్లి బిళ్ళతో పాటు మెళ్ళోనే ఉండాలి... ఆ, ఇదుగో. తుప్పు పట్టింది. చెప్పు వదినా, తియ్యనా? ఇది నీ ఇల్లు, నీ పిల్ల. నువ్వు చెప్తేనే తిప్పుతాను.”

“అమ్మా.”

“షెరిఫ్ బండ్లు ఎన్నన్నావు?”

“మూడు.”

“గుర్రాలు?”

“గుర్రాల మాట ఎవరూ అనలేదు.”

“ఉండే ఉంటాయి. ఎక్కడో దాచి ఉంటారు... తియ్యి.”

“తిరగట్లేదు. కాస్త నూనె... ఆ. వచ్చింది. రా కోడలా, రా. అబ్బ, చేతులు మంచుముద్దల్లా ఉన్నాయి.”

“అమ్మా, కిందికి చూస్తావేం? నన్ను చూడు.”

“నీ బూట్లు చూస్తున్నాను. తాళ్ళు గట్టిగా కట్టుకో. రెండు ముళ్ళు వెయ్యి. ఊడిపోకూడదు.”

“కడతాను. కాగితం ఇదుగో. ఇప్పుడు మడత సాఫయింది, మొదటి పేరు కనిపిస్తోంది. ‘అర్రెదోందో ఫెలీపా. ఒకటో తరగతి, ఒకటో తరగతి, ఒకటో తరగతి.’ అందరికీ ఎందుకో రాశావు. నీకు రాయలేదేం?”

“ఏం రాయను? మూడో ఏటికి పొడుగయ్యాను. ఆరేళ్ళ పిల్లలకి చేసిన బల్ల. మోకాళ్ళు కింద పట్టేవి కావు. ఒకరోజు లేవబోతే ఇరుక్కుపోయాను. బల్లతో సహా లేచాను. అందరూ నవ్వారు, నార్సీసో తప్ప. ఇంటికొచ్చేశాను.”

“నాకెప్పుడూ చెప్పలేదు.”

“చెప్పుకునే సంగతా అది? నడవండి, ఏడున్నరయింది. పట్టాల దగ్గర ఆగి రెండు పక్కలా చూసి దాటండి.”

“అమ్మా, బడి వంటింటికి దారి ఇటు కదా. వెనక గుమ్మం.”

“ఇవాళ ముందు గుమ్మమే.”

“వదినా, ఏప్రన్‌తోనే వస్తావా?”

“దొర నన్ను గుర్తుపట్టాలి కదా! ఏప్రన్ లేకపోతే ఆయనకి నేనెవరో తెలీదు.”

“ఆ కాగితం ఆయనకి ఇచ్చేస్తావా అమ్మా?”

“ఇవ్వను. నాకు చదవడం వచ్చిన కాగితం ఇదొక్కటే. ముందు నువ్వు జెండా కర్ర దగ్గర నీ పద్నాలుగూ చదివెయ్యి, తొందరగా, ఎవరైనా వచ్చి ఆపేలోపు. తర్వాత నీ పక్కన నేను నించుంటాను. నా చెయ్యి పట్టుకో. పేర్లు కావాలన్నాడుగా, హాజరు నేను పిలుస్తాను. మొదటి పేరుకి నేనే పలుకుతాను.”